శుక్లము తీసిన పిమ్మట కంటి వెనుకతెఱకు వచ్చు వాపు

చెంగిచెర్లలో మా పెదతండ్రిగారు వర్షకాలము వెడలిన పిమ్మట కుడికంటి శుక్లము తీయించుకొనిరి. కట్టు విప్పిన మఱునాడే యింటి యరుగుమీద కూర్చుండి, ఎదుటి వేపచెట్టుమీద వ్రాలిన పిట్ట పిచ్చుకయో గోరువంకయో చెప్పగలిగిరి. ఇంటికి వచ్చినవారి నెల్ల పేరుపెట్టి పిలిచి, గొంతు వినకుండనే గుర్తుపట్టితినని మురిసిరి. నెలదినములు గడచెను. అటుపిమ్మట నొకనాడు నన్ను పిలిపించి, తలుపు దగ్గఱకు వేయించి, "బిడ్డా, నా కన్ను మఱల మసకబాఱినది. మనిషి యెదుట నిలిచినచో భుజములు కనబడుచున్నవి, కాళ్లు కనబడుచున్నవి, మొగము మాత్రము నీళ్లలో చూచినట్లున్నది. ఆపరేషను చెడిపోయినది. ఎవ్వరితోను చెప్పకుము" అనిరి.

ఆయన చెప్పవలదనిన మాటనే నేనిప్పుడు రేడియోలో చెప్పుచున్నాను. ఇందుకు పిమ్మట వారి యనుమతి లభించినది. నేను కంటివైద్యుడను, ఆయనకు వచ్చినది యేమో వినగానే యూహింపగల్గితిని. కాని పెద్దలారా, నాకు చింత కలిగించినది ఆ జబ్బు కాదు, "ఎవ్వరితోను చెప్పకుము" అను మాట. ఆయన యిట్లు దాచిపెట్టుటకు ముందే మూడు వారములు గడచినవి. ఈ జబ్బులో మూడు వారములు చిన్న కాలము కాదు.

గ్రామములలో పెద్దలగు మీతోనే యీ విషయము ముచ్చటించుటకు కారణము గలదు. ఊరిలో నొక ముసలివాడు కన్ను చేయించుకొని బాగుపడినచో పదిమంది ధైర్యము తెచ్చుకొందురు; ఒకని కన్ను మసకబాఱినదని తెలిసినచో ఇరువదిమంది మానుకొందురు. ఆ యిరువదిమందియు ముందుగా వచ్చి యడుగునది డాక్టరును గాదు, మిమ్ము. 1996 మొదలు 2000 వఱకు ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థవారు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో 10,293 మంది కన్నులు పరీక్షించి చూచిరి. చూపు పోయినవారిలో నూటికి 44 మందికి శుక్లమే కారణమని తేలినది. అనగా శస్త్రము చేసినచో తిరిగి చూడగలవారు చీకటిలో కూర్చుండి యుండిరి. అట్టివారిని ఆస్పత్రికి పోకుండ నాపునది యేదియైనను దానిని విప్పి చూపుట మంచిది.

మొదట కంటి నిర్మాణమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఇది మీకు క్రొత్త గాదు. చెంగిచెర్లవారికి గొఱ్ఱె కన్ను కోసి చూపనక్కఱలేదు. అక్కడ పెద్ద కబేళా యున్నది, మాంసమును గూర్చి పరిశోధనచేయు కేంద్రప్రభుత్వ సంస్థయు నున్నది. గొఱ్ఱె తలను శుభ్రముచేయునప్పుడు కంటిలోనుండి గాజుపూసవంటి యొక బిళ్ల జాఱి పడుట మీరు చూచియే యుందురు. అదే కటకము. తాజాకంటిలో అది స్వచ్ఛముగా నుండును. అదే తలను ఉడికించిన పిమ్మట చూడుడు, ఆ పూస సున్నపుముద్దవలె తెల్లనై యుండును. మనిషికంటిలో వయసు ముదిరినకొలది జరుగునది యించుమించు దీనిని బోలినదే. వేడిచేత గాక యేండ్ల కాలముచేత జరుగును. దానినే మనము శుక్లమనియు, కంటిపొర యనియు, మన ప్రాంతమున మోతిబిందు వనియు పిలుచుచున్నాము. నిజమునకు అది పొర గాదు; కంటిమీద పెరిగినదియు గాదు. కంటిలోని బిళ్లయే చెడినది. పాశ్చాత్యభాషలలో దీనికి గల "లెన్సు" అను పేరు మసూరుపప్పునకు లాటినుభాషలో గల పేరునుండి వచ్చినది. ఆకారమున నదియు పప్పుబద్ద వంటిదే గదా.

ఈ కటకమునకు వెనుక తాటిముంజలోని గుజ్జువంటి స్వచ్ఛమైన పదార్థము కనుగ్రుడ్డునంతయు నింపియుండును. ఆ గుజ్జునకు వెనుక, గోడకు వేసిన పలుచని సున్నపుపూతవలె, రెటీనా యను తెఱ అంటుకొని యుండును. వెలుతురును పట్టి మెదడునకు పంపునది యిదే. మనవారు "కంటినరము" అని వ్యవహరించునది తఱచుగా దీనినే. ఈ తెఱ యంతయు నొకేరీతి చూపునిచ్చునది కాదు. నడుమ నొక చిన్న స్థలము గలదు. పచ్చగా నుండుటచే దానిని పీతబిందువందురు. దాని నడిబొడ్డున నొక గుంట. సూదిలో దారమెక్కించుట, అక్షరము చదువుట, మనిషి మొగము గుఱుతుపట్టుట, బియ్యములో రాళ్లేఱుట, ఇవి యన్నియు ఆ చిన్నగుంట చేయు పని. తక్కిన తెఱ యంతయు, గోడ కొట్టుకొనకుండ నడచుటకును, ప్రక్కనుండి వచ్చు బండిని పసిగట్టుటకును ఉపయోగపడును. ఆ గుంటలో, చూపునకు అడ్డము రాకుండ, రక్తనాళములు సైతము లేవు. ఇంత కట్టుదిట్టముగా కాపాడబడిన స్థలమునకే నీరు చేరినచో చూపు సంగతి యేమగునో మీరే యూహింపుడు. నడుమ మసకయు, చుట్టును స్పష్టమును. మా పెదతండ్రిగారు చెప్పిన భుజములు, కాళ్లు, కనబడని మొగము — ఆ మాటతోనే నాకు స్థలము తెలిసినది.

ముందు కటకమును తీసినందుకు వెనుక తెఱకు వాపేల రావలెను? ఈ ప్రశ్న వైద్యులను కూడ చాలకాలము చిక్కుపెట్టినది. శుక్లమునకు శస్త్రము మనదేశమున క్రొత్త గాదు. పూర్వమున సుశ్రుతసంప్రదాయమువారు చెడిన కటకమును సూదితో ప్రక్కకు త్రోసివేసెడివారు. ఆ పద్ధతి యూరూర తిరుగు వైద్యుల చేతులలో ఇరువదవ శతాబ్దము వఱకు నిలిచినది. మద్రాసులో 1819లో కంటి ఆస్పత్రి యేర్పడెను. కోస్తా, రాయలసీమల తెలుగుజిల్లాలు నాడు మద్రాసు క్రిందనే యుండుటచే మనవారు పలువురు అక్కడికే పోయెడివారు. ఆ యాస్పత్రికి అధికారిగా నుండిన ఎలియట్ అను వైద్యుడు, సూదివైద్యుల చేతిలో చెడి వచ్చిన కన్నులను చూచి చూచి, ఆ విషయమై యొక గ్రంథమే వ్రాసెను. త్రోసివేసిన కటకము కంటిలోనే పడియుండి మంటబెట్టును. మొదట కొన్నాళ్లు చూపు వచ్చినట్లే వచ్చి పిమ్మట పోవును. నాటి ముసలివారికి కలిగిన భయము మనుమల వఱకు దిగివచ్చినదని నాకు తోచుచుండును. "మొదట కనబడును, తరువాత పోవును" అను మాట నేటికిని మన పల్లెలలో వినబడుటకు ఇదియొక కారణము కావచ్చును.

ఫ్రాన్సుదేశమున దావియేల్ అను వైద్యుడు 1747లో కటకమును బయటికి తీయు పద్ధతి ప్రారంభించెను. రెండువందల యేండ్ల పిమ్మట, 1949లో, లండనులో హెరాల్డ్ రిడ్లే తీసిన కటకమునకు మాఱుగా కృత్రిమకటకమును కంటిలోపలనే అమర్చెను. 1967లో అమెరికాలో కెల్మన్ అను నాతడు కటకమును కంపనముచే పొడిచేసి చిన్నరంధ్రమునుండి పీల్చివేయు యంత్రమును తెచ్చెను. నేడు హైదరాబాదులో తఱచుగా జరుగునది యీ పద్ధతియే. పల్లెప్రజలకై జరుగు శిబిరములలో, చేతితోనే చిన్నకోతగుండ కటకమును తీయు పద్ధతియు విరివిగా నున్నది, అదియు మంచిదే.

ఇక వాపు సంగతి. 1953లో అమెరికావైద్యుడగు ఇర్విన్, శుక్లము చక్కగా తీసిన కొన్ని కన్నులలో, కొన్ని వారములు గడచిన పిమ్మట చూపు తగ్గుటను గమనించి, దానిని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించెను. అప్పటికి దాని లోపలి రూపము కనబడలేదు. 1961లో నోవోట్నీ, ఆల్విస్ అను నిరువురు, చేతినరములోనికి మెఱయు రంగునీరెక్కించి, అది కంటి రక్తనాళములలో పాఱునప్పుడు ఛాయాచిత్రములు తీయు ఉపాయము కనుగొనిరి. ఆ యుపాయముతో 1966లో గాస్, నార్టన్ అను వైద్యులు చూడగా సంగతి బయటపడెను. పీతబిందువు చుట్టునున్న సన్ననాళములనుండి రంగు ఊరి, చిన్నచిన్న అఱలలో నిలిచి, చిత్రములో పూవురేకులవలె విచ్చుకొని కనబడెను. చూచుటకు అందమైన పూవే. ఉండకూడని చోట పూచినది. నాటినుండి దీనిని ఇర్విన్–గాస్ జబ్బని పుస్తకములలో వ్రాయుదురు. పేరు మీకు జ్ఞాపకముండనక్కఱలేదు.

కారణము నిట్లు చెప్పవచ్చును. చెఱువుకట్ట గట్టిగా నున్నంతకాలము దాని క్రింది పొలములోనికి నీరు రాదు. కట్టలోని మన్ను వదులైనచో గండి పడకయే ఊట మొదలగును. పైరు కుదుళ్లలో నీరు నిలిచి పసుపుబాఱును. కంటిలోని రక్తనాళముల గోడలు అట్టి కట్టలు. ఎంత నేర్పుగా చేసినను శస్త్రము శస్త్రమే. అది కంటికి గాయము. గాయమైనచోట శరీరము ప్రొస్టాగ్లాండినులను పదార్థములను పుట్టించును. కాలు బెణికినప్పుడు వాపును నొప్పిని కలిగించునవియు నివియే. కంటి ముందుభాగమున పుట్టిన యీ పదార్థములు గుజ్జుగుండ మెల్లగా వెనుకకు వ్యాపించి, వెనుకతెఱలోని సన్ననాళముల గోడలను వదులుచేయును. అంతట నీరు ఊరును. పీతబిందువు దగ్గఱ తెఱయొక్క నిర్మాణము వదులుగా నుండుటచే నీరు అక్కడనే అఱలు చేసికొని నిలుచును. ఇది యొక్కనాటిలో జరుగునది గాదు గనుకనే మొదటి వారములు చూపు చక్కగా నుండును. నాలుగు మొదలు ఆఱు వారముల నడుమ మసక మొదలగును, ఒక్కొక్కప్పుడు ఇంకను ఆలస్యముగా. "అప్పుడు బాగుండెను గదా, ఇప్పుడేల చెడెను" అను సందేహమునకు సమాధానమిదే. శస్త్రము చెడలేదు. అమర్చిన కటకము దాని చోటనే యున్నది.

ఇది యెంతమందికి వచ్చును? చూపు తగ్గునంతటి వాపు, చిక్కులేకుండ ముగిసిన శస్త్రముల పిమ్మట, నూటికి ఒకరికో యిద్దఱికో వచ్చును. యంత్రముతో వెదకినచో ఇంకను పెక్కుమందిలో కొంచెము నీరు కనబడును గాని వారికి దాని జాడయే తెలియదు, దానంతట నదియే పోవును. అయితే కొందఱికి భయమధికము. మధుమేహము గలవారు వీరిలో ముందుగా చెప్పదగినవారు. వారి కంటినాళములు చక్కెరచే ముందే బలహీనపడి యుండును. కట్ట సగము వదులైన చెఱువువంటిది. కనుక చక్కెరజబ్బు గలవారు శుక్లము తీయించుకొనుటకు ముందే వెనుకతెఱను పరీక్షింపించుకొనవలెను. అందు నీరుండినచో ముందు దానికి చికిత్స చేయుదురు. "ముందు పొర తీయుడు, తరువాత చూతము" అని డాక్టరును తొందరపెట్టు కుమారులను నేను చాలమందిని చూచితిని. కంటిలో నింతకు ముందెన్నడైన ఎఱ్ఱబాఱి వాచు జబ్బు వచ్చినవారును, కంటినాళము మూసుకొనినవారును, నీటికాసులకు చుక్కలు వేసికొనువారిలో కొందఱును ఈ వరుసలోనివారే. అట్టివారు ఆ సంగతిని దాచక డాక్టరుతో చెప్పవలెను. శస్త్రసమయమున కటకపుసంచి చినిగి వెనుకనున్న గుజ్జు ముందుకు వచ్చినప్పుడును వాపు తఱచుగా వచ్చును. ఇది యెంత నేర్పరి చేతిలోనైనను ఒక్కొక్కప్పుడు జరుగును. అట్లు జరిగినచో రోగి బంధువులకు ఆనాడే చెప్పుట వైద్యుని ధర్మము. చెప్పనిచో అడుగుట మీ హక్కు.

ఈ వాపును గుఱుతించు విధము వినుడు. నొప్పి యుండదు, ఎఱ్ఱదనము సాధారణముగా నుండదు, నీరు కాఱదు. అందుచేతనే జనులు దీనిని లెక్కచేయరు. నడిమిచూపు మందగించును, రంగులు వెలిసినట్లగును, తిన్నని గీతలు వంగి కనబడును. ఇంటిలో పరీక్షించుకొనుటకు అద్దములు, యంత్రములు వలదు. పటేలుపట్వారీల కాలము పహాణీలు ఎవరి పెట్టెలోనైన నుండక పోవు. ఆ కాగితమునందలి గళ్లు చాలును. అది లేకున్న కిటికీ చువ్వలు చాలును. దగ్గఱి చూపునకు అద్దములు వాడువారు అవి పెట్టుకొని, ఒక కన్ను అఱచేతితో నొత్తకుండ మూసి, రెండవకంటితో గళ్లనడుమ నొక చుక్కను చూడవలెను. పిమ్మట కన్ను మార్చవలెను. ఒకకంటికి తిన్నగానున్న గీత రెండవకంటికి పాము పోకడగా కనబడినను, నడుమగళ్లు చెరిగినట్లున్నను ఆస్పత్రికి పోవలెను. రెండుకన్నులు తెఱచి చూచినచో మంచికన్ను చెడ్డకంటి లోపమును కప్పిపుచ్చును. పెక్కుమంది మోసపోవుట యిక్కడనే.

శస్త్రము పిమ్మట మసకబాఱిన ప్రతికన్నును ఈ వాపే యని తలపరాదు. మొదటి కొన్నిదినములలోనే నొప్పి, ఎఱ్ఱదనము, రెప్పవాపు, చూపు దిగజాఱుట, ఇవి కలిసి వచ్చినచో అది కంటిలోపల చీముపట్టుట. ఒక్క పూటయైన ఆగరాదు, రాత్రియైనను బండికట్టి తీసికొని పోవలెను. మెఱుపులు మెఱసినట్లు, నల్లని నుసి యెగిరినట్లు, ప్రక్కనుండి పరదా దిగినట్లు కనబడినచో వెనుకతెఱ ఊడుచున్నదని యనుమానింపవలెను. అదియు నానాడే చూపింపవలసినది. ఇక నెలలో ఏండ్లో గడచిన పిమ్మట మెల్లమెల్లగా మసక కమ్మినచో, అది కృత్రిమకటకమునకు వెనుకనున్న సంచి తెల్లబాఱుట. దానినే మనవారు "రెండవ పొర" యందురు. దానిని లేజరు కిరణముతో కొద్దినిమిషములలో తొలగింతురు. రక్తము కాఱదు, కట్టు లేదు. ఈ వ్యత్యాసములు అరుగుమీద కూర్చుండి తేల్చవలసినవి గావు. ఎంత తొందరగా పోవలెనో తెలియుటకై చెప్పితిని.

ఉప్పలు, నాచారము, చెంగిచెర్ల ప్రాంతములవారికి నేడు దూరము పెద్ద యడ్డంకి కాదు. నాచారమున కార్మికుల బీమా ఆస్పత్రి కలదు. మెహదీపట్నమువైపున సరోజినీదేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వమువారిది. బంజారాహిల్సులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థ కలదు. సినిమారంగమున ప్రసిద్ధికెక్కిన ప్రసాదుగారి పేర వెలసిన యీ సంస్థలో బీదలకు సొమ్ము తీసికొనకుండ చికిత్స చేయుదురు. ఉప్పలులో మెట్రోబండి యెక్కినచో అమీరుపేట వఱకు దిగకుండ పోవచ్చును. 2018 ఆగస్టు 15న మెదకుజిల్లా మల్కాపురమున ప్రారంభమైన కంటివెలుగు పథకములో ఊరూర కన్నులు పరీక్షించి అద్దములిచ్చిరి. 2023లో రెండవమాఱును జరిపిరి. అట్టి శిబిరములు అద్దములకును, శుక్లమును కనిపెట్టుటకును మేలైనవే. కాని వెనుకతెఱ వాపును కనుగొనుటకు శస్త్రము చేసిన ఆస్పత్రికో, పైజెప్పిన పెద్దయాస్పత్రికో పోక తప్పదు. శస్త్రము చేసినప్పుడిచ్చిన చీటీని పాఱవేయక వెంట తీసికొని పోవలెను.

అక్కడ చేయు పరీక్షను తలచుకొని భయపడువారు గలరు. నిజమునకు అంత సులభమైన పరీక్ష మఱొకటి లేదు. గడ్డమును ఒక పీటమీద ఆనించి కన్ను తెఱచి యొక గుఱుతును చూడవలెను. కిరణమొకటి లోనికి పోయి వెనుకతెఱను పొరలుపొరలుగా చిత్రించును. సూది లేదు, కోత లేదు, కొద్దినిమిషములలో ముగియును. 1991లో అమెరికాలో వెలువడిన యీ యుపాయమునకు ఓసీటీ యని పేరు. నడిమిగుంట దగ్గఱ తెఱ మందము సాధారణముగా మిల్లిమీటరులో నాలుగవవంతు. వాచినప్పుడు అది దానికి ఒకటిన్నర రెట్లు, రెండురెట్లు కావచ్చును. మా పెదతండ్రిగారికి ఆ చిత్రమును చూపగా, కొండవలె నుబ్బిన గీతలో నల్లని బుడగలను చూచి, "ఇది బాగుగా పొంగిన పూరీ గదా!" అనిరి. ఇంతకంటె చక్కగా నేను వర్ణింపలేను. రంగునీరెక్కించి తీయు చిత్రములు నేటికిని కొందఱికి అవసరమగును. అప్పుడు ఒకదినము మూత్రము నారింజరంగుగా వచ్చును, దానికి బెదరరాదు.

చికిత్స మొదట చుక్కలతోనే. రెండువిధముల చుక్కలు కలిపి యిత్తురు. మొదటివి ప్రొస్టాగ్లాండినులు పుట్టకుండ నాపునవి. నెపాఫెనాక్, కెటొరొలాక్, బ్రోమ్‌ఫెనాక్ అనునవి యీ జాతివి. 1971లో జాన్ వేన్ అను నింగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆస్పిరిను మాత్ర నొప్పి నెట్లు తగ్గించునో కనుగొనెను. ఈ చుక్కలు పనిచేయు తీరును అదియే. ఆ పరిశోధనకు 1982లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. రెండవవి స్టెరాయిడు చుక్కలు. వీనిని నెలలతరబడి వేయవలసి రావచ్చును. పదిదినములలో ఫలమును కోరరాదు. పెక్కుకన్నులు మూడునాలుగు నెలలలో కోలుకొనును. చుక్కలకు లొంగనిచో కంటిప్రక్కనో కంటిలోనో మందు సూదిగుండ నిత్తురు. కంటిలో సూది యనగానే గుండె ఝల్లుమనును గాని, ముందు మొద్దుబాఱజేసి చేయుదురు. గుజ్జు ముందుకులాగి పట్టియున్న కొద్దికన్నులకు శస్త్రము చేయవలసి వచ్చును. ఒక హెచ్చరిక: స్టెరాయిడు చుక్కలు కొందఱి కంటిలో ఒత్తిడిని పెంచి నీటికాసులను తెచ్చును. కనుక పాతచీటీని దుకాణములో చూపి తమంతట తాము కొనుచు వేసికొనుట పనికిరాదు. డాక్టరు మధ్యమధ్య ఒత్తిడి కొలిచి చూడవలెను. మంచిమందే, కొలత తప్పినచో చూపును తినివేయును.

మన యిండ్లలో జరుగునది వేఱు. చూపు తగ్గగానే మొదటి నింద పథ్యముమీద పడును. వంకాయ తినెననియు, పప్పు తినెననియు, కోడలు పులుసు పెట్టెననియు తగవులాడుదురు. శుక్లము తీసినవాడు వంకాయ తినినంతమాత్రమున వెనుకతెఱకు నీరు చేరదు. కోడలి నేమియు ననవలదు. చక్కెరజబ్బు గలవాడు తీపి తినినచో అది వేఱుమాట. రెండవది, కంటిలో చనుబాలు పిండుట, తేనె వేయుట, పూలరసము, ఆకుపసరు వేయుట. శస్త్రము చేసిన కంటిలో వీనిని వేయుట చీమును పిలిచి పెట్టుటయే. నందివర్ధనము పూలు మూసిన రెప్పలమీద చల్లదనమునకై పెట్టుకొనుటను సైతము, గాయము మానువఱకు ఆపుట మేలు. మూడవది, "చూపు వచ్చినది గదా" యని చుక్కలు మానివేయుట. మా పెదతండ్రిగారు చేసినది యిదే. చుక్కలు మండుచున్నవని పండ్రెండవనాడే సీసాను దేవునిగూటిలో పెట్టివేసిరి. వాపునకు అదియొక్కటే కారణమని నేను ప్రమాణము చేయజాలను. క్రమముగా చుక్కలు వేసికొనినవారికిని ఇది వచ్చుచున్నది. కాని చుక్కలు వేసికొనినచో తక్కువగా వచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి. యూరపులో పండ్రెండు ఆస్పత్రులలో జరిపి 2018లో ప్రకటించిన యొక పరిశీలనలో, మధుమేహము లేనివారికి పైజెప్పిన రెండుజాతుల చుక్కలను కలిపి వాడినప్పుడు, ఏదేని యొక్కటి మాత్రమే వాడినప్పటికంటె వాపు తక్కువగా వచ్చినట్లు తేలినది.

మా పెదతండ్రిగారి వీధిలోనే యొక ముసలమ్మగారు గలరు. ఆమెకును శుక్లము తీసిన రెండునెలలకు చూపు తగ్గినది. కూలికి పోవు కొడుకును ఒకపూట మానిపించుట యిష్టములేక, "ఈ వయసున ఇంత చాలును" అని సంవత్సరమునకు పైగా నూరకుండెను. నీరు అంతకాలము నిలిచినచో అఱలు తెగి యొకటియై, నడిమితెఱ పలుచబడి, చూపుకణములు నశించును. పిమ్మట నీరింకినను అవి మఱల పుట్టవు. ఆమెను నేను ఆలస్యముగా చూచితిని. వాపు తగ్గినది. ఇల్లు, వాకిలి, పొయ్యి తెలియును, ఒంటరిగా నడచును. మనుమరాలి మొగము మాత్రము ఆ కంటికి తెలియదు. ఆ పిల్ల దగ్గఱకు వచ్చినప్పుడు తలను ప్రక్కకు త్రిప్పి, కంటికొనతో చూచుటకు యత్నించుచుండును.

మా పెదతండ్రిగారు రెండున్నర నెలలు చుక్కలు వేసికొనిరి. గోడమీద బొగ్గుతో గీతలు గీచి లెక్కపెట్టుకొనిరి, రోజునకు నాలుగుగీతలు. మొదటినెల యేమియు మారలేదని నాతో కలహించిరి కూడ. పిమ్మట ఓసీటీ చిత్రములో పూరీ చదునైనది. పత్రికలోని చిన్నయక్షరములలో కొన్ని నేటికిని కొంచెము వంకరగా నున్నవనుచున్నారు. అది పూర్తిగా సరియగునని నేను మాట యియ్యలేదు. ఒకకంటికి వాపు వచ్చినవారికి రెండవకంటికిని వచ్చుట కవకాశము అధికము గనుక, ఎడమకంటి శుక్లము తీయుటకు ముందే డాక్టరుతో కుడికంటి సంగతి చెప్పి చీటీలన్నియు చూపితిమి. ఆయన శస్త్రమునకు ముందునుండియే చుక్కలు మొదలుపెట్టించెను. గడువును సాధారణముకంటె పొడిగించెను. ఆఱవవారమున ఓసీటీ తీయవలెనని చీటీమీద ఎఱ్ఱసిరాతో వ్రాసెను. ఆ శస్త్రము గడచిన గురువారము జరిగినది. గోడమీద క్రొత్తగీతలు మొదలైనవి, ఇప్పుడు ఎడమప్రక్కన.